ఎలీషమ్మ, భేదుప్పు సీసా

“...మూడుసార్లు కాల్చిన సార్, మూడుసార్లు గంతే వచ్చింది. ఆరొచ్చినంక ఏడని ఎట్ల రాస్త?”

“ఆరన్న సక్కగ వచ్చిందా? ఆరు పాయింట్ ఒకటి నాలుగట. అటు ఆరూ కాదు, ఇటు ఏడూ కాదు. తూంకుంట బస్సు లెక్క నడిమిట్ల ఆగింది.”

ల్యాబ్‌లో నవ్వులు లేచాయి.

“నవ్వుండ్రి, నవ్వుండ్రి,” అంది శ్రీజ వెనక్కి తిరిగి. “మీకు ఏడు ఎట్లొచ్చిందో నాకెర్కనే.”

“వాళ్ల ముచ్చట నీకెందుకమ్మా? పుస్తకంల ఏడున్నది. పోయినేడు పరీక్షల ఏడే వచ్చింది. నీ బ్యాచ్‌ల ఇరవై మందికి ఏడొచ్చింది. నువ్వొక్కదానివే ఆరు పట్టుకొచ్చినవు. కొత్త ఉప్పేమన్న కనిపెట్టినవా?”

సింకు దగ్గర నిలబడి గాజు గొట్టాలు కడుగుతున్న ఎలీషమ్మ తల తిప్పలేదు. సారు ఎవరినైనా నలుగురిలో మందలిస్తున్నప్పుడు అటు చూడకూడదన్నది ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. తోటి పిల్లలు చూస్తే ఆ పిల్లకు కోపం వస్తుంది. అటెండర్ చూస్తే ఏడుపు వస్తుంది. పందొమ్మిదేళ్లలో ఆమె గమనించిన సంగతి అది. అందుకని కుళాయి ఇంకాస్త తిప్పి నీళ్ల చప్పుడు పెంచింది. చెవులు మాత్రం అటే ఉంచింది.

“శనివారం ఇంటర్నల్స్,” అన్నాడు సుధాకర్ సార్. “ఆ లోపల రీడింగ్ సక్కగ జేసి తీసుకరా. లేకుంటె పదిహేనుకు ఐదే వేస్త. తర్వాత నన్ననొద్దు.”

శ్రీజ నోటుపుస్తకం మూసిన చప్పుడు నీళ్ల చప్పుడులోంచి కూడా వినిపించింది.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే రోడ్డు మీద ఉన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీ అది. కెమిస్ట్రీ ల్యాబు పై అంతస్తులో ఉంటుంది. ఆ రోజు చేయించిన ప్రయోగం చూడ్డానికి చిన్నదే. కొన్ని రకాల ఉప్పుల స్ఫటికాల్లో నీళ్లు ఇమిడి ఉంటాయి. చేత్తో పట్టుకుంటే పొడిగానే ఉంటాయి, తడి తగలదు. ఆ ఉప్పును వేలెడంత పింగాణీ గిన్నెలో వేసి తూచి, మంట మీద కాల్చి, చల్లారాక మళ్లీ తూచాలి. తగ్గిన బరువంతా ఆవిరైపోయిన నీళ్లది. మళ్లీ కాల్చాలి, మళ్లీ తూచాలి. రెండుసార్లు ఒకే బరువు వచ్చిందంటే ఇక పోవడానికి నీళ్లు మిగల్లేదని అర్థం. ఒక పాలు ఉప్పుకు ఎన్ని పాళ్ల నీళ్లు ఉన్నాయో, బరువులో కాదు, అణువుల్లో, అక్కడినుంచి లెక్క కట్టాలి. ఈ కాలేజీలో దానికి వాడేది మెగ్నీషియం సల్ఫేటు. అందులో నీళ్లు ఏడు పాళ్లు.

ఎలీషమ్మ దాన్ని భేదుప్పు అంటుంది. ఆమె చిన్నప్పుడు ఆమె అవ్వ ఏడాదికి రెండుసార్లు, కడుపు శుభ్రం కావాలని, ఇంట్లో పిల్లలందరికీ గోరువెచ్చని నీళ్లలో కలిపి తాగించేది. మొదటి ఏడాది పిల్లలు ఆ పేరు విని పడిపడి నవ్వుతారు. రెండో ఏడాదికి వాళ్లూ “ఆంటీ, భేదుప్పు యాడున్నది?” అని అడుగుతారు.

సుధాకర్ సార్ చెడ్డమనిషి కాదు. ఆయనకు నాలుగు బ్యాచులు, వాటన్నిటికీ కలిపి సరిగ్గా పనిచేసే త్రాసు ఒక్కటి. గంటన్నరలో ఇరవయ్యొక్క మంది తూచి, కాల్చి, చల్లార్చి, మళ్లీ తూచడం అయ్యే పని కాదు. అందుకే పిల్లలు ఒక్కసారి కాల్చి, మిగతాది సీనియర్ల రికార్డులో చూసి రాస్తారు. రెండు గ్రాముల ఉప్పుకు తగ్గిన బరువు ఒకటి పాయింట్ సున్నా రెండు నాలుగు. బల్లలు తుడిచేటప్పుడు తెరిచి ఉన్న ఏ పుస్తకంలో చూసినా ఎలీషమ్మకు ఆ అంకే కనిపిస్తుంది. ఆమెకు తెలిసి కనీసం పదేళ్లుగా ఆ అంకె ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి నడుస్తూ వస్తోంది. మూడో స్థానంలోని నాలుగు కూడా మారలేదు.

బ్యాచ్ వెళ్లిపోయింది. శ్రీజ మాత్రం తన బల్ల దగ్గరే ఉంది. కీసర నుంచి వస్తుంది ఆ పిల్ల. పొడుగ్గా, ఎముకలు కనిపించేలా ఉంటుంది. బ్యాగు భుజానికి వేసుకుని, మళ్లీ దించి, మళ్లీ వేసుకుంది.

“ఆంటీ, మీరు సూస్తనే ఉన్నరు గద. నేను సక్కగ కాల్చలేదా?”

“నేనేం చెప్త బిడ్డా. గిన్నెలు కడిగెటిదాన్ని.”

“సార్ పోయి చాయ్ తాగొచ్చిండు. నేను గీ స్టూల్ మీదికెల్లి లేవలే. మూడోసారి కాల్చినంక గూడ గదే బరువు. ఇంకేం కాల్చాలె? గిన్నె కరగాల్నా?”

“ఇంటికి పో బిడ్డా, బస్సు పోతది. ఏడ్వకు.”

“నేనేం ఏడుస్తలేను,” అంది శ్రీజ. ముక్కు తుడుచుకుని వెళ్లింది.

ఎలీషమ్మ పింగాణీ గిన్నెల్నీ వాటి మూతల్నీ టబ్బులో వేసింది. ఇరవయ్యొక్క గిన్నెలు, ఇరవయ్యొక్క మూతలు. పావుగంటలో అన్నీ కడిగి గుడ్డ మీద బోర్లించింది. చేతులు తుడుచుకుంటూ గడియారం చూసి, ఇంత జల్దీ ఎట్లయిందా అనుకుంది.

అప్పుడు ఆగింది.

ఒక మూత తీసి కిటికీ వైపు పట్టుకుని చూసింది. లోపలి వైపు నున్నగా, తెల్లగా ఉంది. ఇంకొకటి తీసింది. అదీ అంతే. భేదుప్పు ప్రయోగం జరిగిన రోజు మూతలు ఇలా ఉండవు. ఆ ఉప్పు వేడెక్కగానే తన నీళ్లలో తానే కరిగి, కుతకుతమని ఉడికి, మూతకు చిట్లుతుంది. అది సున్నంలా పట్టుకుంటుంది. వేడినీళ్లలో పూటంతా నానబెట్టి, గోరుతో గీకితే తప్ప వదలదు. ఏటా ఆ వారంలో ఆమె గోళ్లు అరిగిపోతాయి. ఈ ఏడాది ఇది మూడో బ్యాచ్. మూడు బ్యాచుల మూతలూ నీళ్లు తగిలితే చాలు శుభ్రమయ్యాయి. పని తేలికైందని సంతోషించిందే తప్ప, ఎందుకు తేలికైందని ఆలోచించలేదు.

స్టోరు గది తాళం తీసింది. కింది అరలో పెద్ద గాజు సీసా, మూత చుట్టూ తను చుట్టిన ప్లాస్టరు. సీసా తెరిచి చెంచాతో కాస్త పైకి తీసింది. సుద్దపొడిలా ఉంది. ఇదివరకు ఇది కలకండ పలుకుల్లా మెరిసేది.

మే నెల గుర్తొచ్చింది ఆమెకు.

సెలవుల్లో ఒకరోజు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. స్టోరు పైకప్పు నుంచి నీళ్లు కారుతున్నాయని, నీళ్లట్యాంకు పైపు పగిలిందని. మే నెలలో ఎలీషమ్మకు జీతం ఉండదు. రావాల్సిన పనీ లేదు. అయినా వచ్చింది. భేదుప్పు సంచీ ఒక పక్కంతా తడిసి, లోపల ఉప్పు రాళ్లు కట్టింది. పారేయడానికి మనసొప్పలేదు. పాత దుప్పటి ఒకటి తెచ్చి డాబా మీద పరిచి, మిరపకాయలు ఆరబోసినట్టు ఆరబోసింది. మూడు రోజులు ఎండబెట్టింది. మధ్యాహ్నం వేళ డాబా మీద చెప్పులు లేకుండా కాలు పెట్టడానికి లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేత్తో కలియదిప్పింది. తర్వాత రాళ్లు చిదిపి, జల్లించి, సీసాకెత్తి, గాలి తగలకుండా ప్లాస్టరు చుట్టింది. మెత్తటి తెల్లటి పొడిని చూసి చాలా తృప్తి పడింది కూడా. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

మళ్లీ సీసాలోకి చూసింది. ఎండకు పోయింది పైతడి ఒక్కటే కాదేమో అనిపించింది.

ఆమె ఈ ల్యాబ్‌కు ఊడ్చే మనిషిగా వచ్చింది. ఏడో తరగతి దాకా చదివింది. అప్పట్లో కెమిస్ట్రీ చెప్పే బాలాత్రిపురసుందరి మేడమ్‌ది రాజమండ్రి వైపు. కంటికి ఆపరేషన్ అయిన రెండు నెలలు త్రాసు మీది అంకెలు మేడమ్‌కు ఆనేవి కావు. ఎలీషమ్మ చీపురు గోడకు ఆనించి వచ్చి చదివి చెప్పేది. చెప్పగా చెప్పగా, గిన్నె ఎలా పట్టుకోవాలో, ఎందుకు చల్లారాకే తూచాలో మేడమ్ నేర్పించింది. వేడిగిన్నె చల్లటి గిన్నెలాగే కనిపిస్తుంది. మొదటి వారంలోనే ఎలీషమ్మ ఒకటి చేత్తో పట్టుకుంది. కుడిచేతి బొటనవేలి మీద ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. ఆరోజు మేడమ్ వేలికి మందు రాస్తూ, “చేతికి తెలియదమ్మా ఎలీషమ్మా. వేడీ తెలియదు, నీళ్లూ తెలియవు. తూస్తేనే తెలుస్తుంది,” అంది. మేడమ్ రిటైరయి వెళ్లిపోయాక చీపురు ఇంకొకరి చేతికి వెళ్లింది. ఎలీషమ్మ ల్యాబ్ అటెండర్ అయింది, టెంపరరీగా. ఆ మాట పదిహేనేళ్ల నుంచి ఆమె పేరు పక్కనే ఉంది.

ఈ శుక్రవారం దాన్ని తీసేసే అవకాశం వచ్చింది. కాలేజీలో టెంపరరీ వాళ్లు ముగ్గురున్నారు. ఇద్దరిని పర్మినెంటు చేస్తామని యాజమాన్యం చెప్పింది. ఒక్కొక్కరి గురించి వాళ్ల పై అధికారి రిపోర్టు రాసి ఇవ్వాలి. ఎలీషమ్మది సుధాకర్ సార్ రాయాలి. ఆ కాగితంలో ఒక గడి, ‘పనిలో గమనించిన పొరపాట్లు’ అని. సోమవారం సార్ దాన్ని చూపించి, “గీ గడి ఖాళీగ ఉంటె నీదే అయితది, ఎలీషమ్మా. నీ గురించి రాయడానికి నాకేం లేదు,” అన్నాడు. పర్మినెంటయితే మే నెల జీతం వస్తుంది. ఈఎస్‌ఐ కార్డు వస్తుంది.

జవహర్‌నగర్‌లో ఇంటికి చేరేసరికి పొద్దు గూకుతోంది. చెత్తకుప్పల వైపు నుంచి గాలి ఇటు తిరిగినట్టుంది, ఆమె భర్త ప్రభుదాసు కంపుకు కిటికీలు మూసి కూర్చున్నాడు. అతను ఇళ్లకు రంగులు వేసే మేస్త్రి. రెండేళ్ల క్రితం మోకాలు అరిగి, నిచ్చెన ఎక్కడం మానేశాడు. ఇప్పుడు కింది గోడలకే వేస్తాడు, అదీ పని దొరికినప్పుడు. ఎలీషమ్మ టీ పెట్టి, జరిగింది మొత్తం చెప్పింది.

“గిదేం తప్పే?” అన్నాడు ప్రభుదాసు. “తడిసినదాన్ని ఎండేస్తరు. గంతే గద. తడిసిన బట్టలు ఎండేస్తలేమా?”

“బట్టలు కాదయ్యా. అండ్ల నీళ్లుండాలె. ఆ నీళ్లనే పిల్లలు తూచాలె.”

“నీళ్లు తూచేతందుకు ఉప్పెందుకు? నల్లా లేదా?”

“ఎక్కిరియ్యకు.”

“ఎక్కిరిస్తలేను.” అతను కప్పు కింద పెట్టాడు. “సరే. తప్పే అనుకో. శుక్రవారం దాక నోరు మూసుకొ. సంతకం అయినంక శనివారం పొద్దుగాల పోయి చెప్పు. ఉప్పు యాడికన్న పారిపోతదా?”

“శనివారం ఆ పోరికి ఐదేస్తడు.”

“ఐదేస్తె సస్తదా? మళ్లా రాసుకుంటది. నీకు మళ్లొకపారి ఉన్నదా? పందొమ్మిదేండ్లాయె.”

అతను చెప్పినదాంట్లో తప్పేమీ కనిపించలేదు ఎలీషమ్మకు. అతని మోకాలి మీద చేయి పెట్టి చూసింది, వేడిగా ఉంది.

“అసలు నా ఎండవెట్టుడే కారణమో కాదో నాకే తెల్వది,” అంది చివరికి. “ముందుగాల గది తెలుసుకుంట.”

“తెలుసుకొని?”

“తెలుసుకుంటనయ్యా. గంతే.”

బుధవారం మధ్యాహ్నం భోజనం గంటకు శ్రీజను పిలిచింది. ల్యాబ్ తలుపు దగ్గరగా వేసి, ఇనుప బీరువాలోంచి సీలు విప్పని అరకిలో సీసా తీసింది. కొత్త సీసా తీస్తే స్టాకు రిజిస్టరులో రాయాలి. ఇన్నేళ్లుగా ‘తీసుకున్నవారు’ అన్నచోట సార్ల పేర్లే ఉన్నాయి. ఆమె పెన్ను తీసుకుని ‘ఎలీషమ్మ’ అని రాసి, తేదీ వేసింది.

“ఏం జేస్తున్నం ఆంటీ?” అంది శ్రీజ.

“రెండు గిన్నెలు. ఒక్కదాంట్ల నువ్వు నిన్న వాడిన సీసాలకెల్లి ఉప్పు. ఒక్కదాంట్ల గీ కొత్తది. తూకం నేను జేస్త, లెక్క నువ్వు కట్టు.”

“మీరు తూస్తరా?”

“నువ్వు పుట్టినకాడికెల్లి తూస్తున్న. పుస్తకంల రాయలేదు, గంతే.”

ఖాళీ గిన్నెలు కాల్చి చల్లార్చి తూచింది. పట్టకారుతో పట్టుకుని త్రాసు పళ్లెం మధ్యలో సరిగ్గా దించింది. చెంచా చివరతో ఉప్పును కొంచెం కొంచెంగా విదిలిస్తూ రెండింటిలోనూ సరిగ్గా రెండు గ్రాములు పోసింది. రెండు బర్నర్లు వెలిగించింది. మంటను చిన్నగా పెట్టి, మూతలు కొంచెం ఓరగా వేసింది.

రెండు నిమిషాలు ఏమీ కాలేదు. తర్వాత కొత్త ఉప్పు గిన్నె గొణిగింది. లోపల తెల్లటి పలుకులు కరిగి నీళ్లయ్యాయి. నీళ్లు ఉడికాయి. టప్, టప్‌మని మూతకు చిట్లడం మొదలైంది. పక్కనున్న గిన్నెలో ఉప్పు పొడిపొడిగానే కూర్చుంది. ఎప్పుడో ఒకసారి చిన్నగా చిటపటమంది, అంతే.

“అయ్యో, గిది పేలుతాంది!” శ్రీజ వెనక్కి జరిగింది.

“గది పేలాలె. గట్లనే ఉండాలె.” ఎలీషమ్మ మంట తగ్గించింది. “నీ ఉప్పు చూడు, పేలుతలేదు. నిన్నెవరిదీ పేలలేదు. మూతలు కడుగుతుంటె నాకు తెలిసింది.”

శ్రీజ రెండు గిన్నెలనూ మార్చి మార్చి చూసింది.

గిన్నెల అడుగు ఎర్రబడేదాకా కాల్చి, చల్లార్చడానికి గాజు డబ్బాలో పెట్టింది ఎలీషమ్మ. అడుగున తేమను పీల్చే నీలం గింజలుంటాయి అందులో. చల్లారే లోపల ఇద్దరూ శ్రీజ డబ్బాలోని పులిహోర తిన్నారు. తూచారు. మళ్లీ కాల్చారు. మళ్లీ తూచారు. మూడోసారికి బరువులు కదల్లేదు. భోజనం గంట ముగిసి అప్పటికి చాలాసేపైంది. కింద ఎవరో శ్రీజను పేరుపెట్టి పిలుస్తున్నారు. ఆ పిల్ల వినిపించుకోలేదు. సెల్‌ఫోన్‌లో లెక్కలు నొక్కుతోంది.

“కొత్తది ఆరు పాయింట్ తొమ్మిది ఐదు. అంటె ఏడే.” ఇంకొకటి నొక్కింది. “పాతది ఆరు పాయింట్ ఒకటి ఆరు.” తల ఎత్తింది. మొహమంతా వెలిగింది. “నాది కరెక్టే ఆంటీ! నేను కరెక్టే జేసిన! అండ్ల నీళ్లే లేవు!”

“లేవు బిడ్డా. నేనే ఎండల పోసిన.”

శ్రీజ నవ్వబోయి, ఎలీషమ్మ ముఖం చూసి ఆగిపోయింది. ఎలీషమ్మ మే నెల సంగతి క్లుప్తంగా చెప్పింది. శుక్రవారం సంగతి చెప్పలేదు. కానీ కాలేజీలో పర్మినెంటు ముచ్చట తెలియనివాళ్లు లేరు.

“సార్‌కు చెప్పకుండ్రి ఆంటీ,” అంది శ్రీజ గొంతు తగ్గించి. “శనివారం నాకు కొత్త సీసాలకెల్లి ఇయ్యుండ్రి. నాకు ఏడొస్తది. సార్ ఖుష్, నేను ఖుష్. మొన్న సక్కగ కాల్చలేదు సార్, తప్పయింది అని చెప్త. అయిపాయె.”

ఎలీషమ్మ బర్నర్లు ఆర్పింది. గ్యాస్ మూత తిప్పి, సరిగ్గా పడిందో లేదో రెండోసారి చూసుకుంది.

“నువ్వు సక్కగనే కాల్చినవు గద.”

“గదేమైతది ఆంటీ. మాటకు అంట.”

“క్లాసుకు పో,” అంది ఎలీషమ్మ. “నీ కాయితం నాకిచ్చి పో.”

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. తూంకుంట దాకా ఆమె ఆ కాగితాన్ని మడతపెట్టి పిడికిట్లోనే ఉంచుకుంది. తప్పయింది సార్ అని ఆ పిల్ల అనబోతోంది. మూడుసార్లు కాల్చిన మనిషి, కదలకుండా స్టూలు మీద కూర్చున్న మనిషి. అది అలవాటైతే వచ్చే ఏడాది ఒకటి పాయింట్ సున్నా రెండు నాలుగు రాస్తుంది. తర్వాత ఇంకో ల్యాబ్‌లో ఇంకో అంకె రాస్తుంది. ఎలీషమ్మ ఇంటికి వెళ్లాక ప్రభుదాసు “తెలిసిందా?” అని అడిగాడు. “తెలిసింది,” అంది. అతను మోకాలికి నూనె రాసుకున్నాడు.

గురువారం పొద్దున నాలుగో బ్యాచ్ రాకముందే సుధాకర్ సార్ బల్ల మీద ఎలీషమ్మ ఒక ట్రే పెట్టింది. ట్రేలో గాజు డబ్బాలోంచి తీసిన రెండు గిన్నెలు, రెండు మూతలు, శ్రీజ కాగితం, స్టాకు రిజిస్టరు. ఒక మూత నున్నగా ఉంది. రెండోదానికి తెల్లటి పెచ్చు కట్టింది.

“ఏందిది?”

“భేదుప్పు సార్. ఆ పోరి తప్పు లేదు. సీసాల ఉన్నదాంట్లనే నీళ్లు తక్కువున్నయి.”

“నీకెవరు చెప్పిండ్రు?”

“తూసిన సార్.”

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని కాగితం చూశాడు. చూసి, నమ్మకం లేనట్టుగా లేచి వెళ్లి రెండు గిన్నెలూ తనే తూచాడు. కాగితంలో ఉన్న అంకెలే వచ్చాయి, చివరి స్థానంలో ఒకటి తేడాతో. మళ్లీ కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు.

“నీళ్లు ఎట్ల పోయినయి? సీసా మూత తెరిచి పెట్టినవా?”

“మే నెలల నేనే డాబా మీద ఎండబోసిన సార్. ట్యాంకు పైపు పగిలి సంచి తడిసింది. మూడొద్దులు ఎండల ఉన్నది.”

“మే నెలల నువ్వెక్కడ వచ్చినవు? నీకు జీతమే లేదు గద.”

“వాచ్‌మన్ ఫోన్ జేసిండు. వచ్చిన.”

సుధాకర్ సార్ తన ముందున్న మార్కుల షీటు దగ్గరకు లాక్కున్నాడు. వేలితో పేర్ల వెంట కిందికి జారుతూ వెళ్లాడు. రెండో పేజీ తిప్పాడు. మూడో పేజీ తిప్పాడు.

“మూడు బ్యాచులు. అరవై మూడు మంది చేసిండ్రు ఎలీషమ్మా, గా సీసాలకెల్లి,” అన్నాడు. “అరవై రెండు మందికి ఏడొచ్చింది.”

ఎలీషమ్మ నేల వైపు చూసింది. పిల్లల్ని మందలిస్తున్నప్పుడు ఎలా చూడదో, ఇప్పుడూ అలాగే చూడలేదు.

“అందరికీ టిక్కు పెట్టిన. ఎవలకు రాలేదో గా పిల్లను నలుగుట్ల నిలవెట్టిన.” షీటును బోర్లించాడు. మెడ రుద్దుకున్నాడు. ఆ తర్వాత వరండాలోకి వెళ్లి, అటుగా పోతున్న ఎవరినో పంపి శ్రీజను పిలిపించాడు. శ్రీజ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. ట్రేను చూసింది. ఎలీషమ్మను చూసింది.

“నీ రీడింగు కరెక్టమ్మా,” అన్నాడు సార్. “మొన్న నేనన్నది తప్పు. పుస్తకంల ఎట్లున్నదో అట్లనే ఉంచు, కొట్టెయ్యకు.”

“సరే సార్.”

“మిగిలినోళ్లకు చెప్పు. శనివారం రెండు సీసాలకెల్లి రెండు గిన్నెలు ఒక్కొక్కరు. టైము సరిపోకుంటె ఆదివారం గూడ రావాలె. పాత రికార్డులు ల్యాబ్‌లకు తేవద్దు.”

“ఆదివారమా సార్? నన్ను సంపుతరు వాళ్లు,” అంది శ్రీజ. నవ్వు ఆపుకోలేక చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. మెట్ల మీద ఆ పిల్ల పరుగెడుతున్న చప్పుడు వినిపించింది.

సార్ సొరుగు తెరిచి ఎలీషమ్మ రిపోర్టు కాగితం తీశాడు. హాజరు, పనితీరు, నడవడి, అన్నీ అప్పటికే నింపి ఉన్నాయి. పొరపాట్ల గడి ఒక్కటే తెల్లగా ఉంది. పెన్ను మూత తీసి, ఆ గడి మీద కాసేపు పట్టుకుని, కిందికి దించి సంతకం చేయాల్సిన చోట పెట్టాడు.

“గిది మన ముగ్గురి నడుమనే ఉండని,” అన్నాడు తల ఎత్తకుండా. “పాత స్టాకు పాడైందని బ్యాచుకు చెప్త. పాడైతది, స్టాకు పాడుగాదా? గీ గడి ఖాళీగనే పంపుత. రేపు మీటింగు. అండ్ల కూసునేటోళ్లకు భేదుప్పు తెల్వది, ఏం తెల్వది. పొరపాటు అన్న మాటొక్కటే సదువుతరు. నువ్వు పోయి సీసాలు సదురు.”

ఎలీషమ్మ కదల్లేదు. కింద నాలుగో బ్యాచ్ పిల్లలు మెట్లెక్కి వస్తున్నారు.

“ఖాళీ ఇడువకుండ్రి సార్,” అంది. “భేదుప్పు ఎండల పోసింది నేనే అని రాయుండ్రి. కొత్త సీసా ఇప్పి, తూసి పట్టుకున్నది గూడ నేనే అని రాయుండ్రి.”